ప్రమాణపదం – వాడుకమాట: అర్థచ్ఛాయలు

ఒకే అర్థాన్నిచ్చే మాటలను పర్యాయపదాలంటాం. అయితే ఒక మాటకు బదులు మరొకటి అన్ని సందర్భాలలోను ఒదగదు. ప్రమాణభాషలోని పదానికీ, జనుల నోట నలిగిన మాటకూ నడుమ సన్నని అర్థభేదం ఉంటుంది. ఆ భేదాన్ని గుర్తించడమే ఈ పాఠ్యాంశ లక్ష్యం.

‘మరణించాడు’ అనేది కేవలం వార్త. ‘కాలం చేశారు’ అన్నప్పుడు పెద్దలపట్ల గౌరవం ధ్వనిస్తుంది. ‘పోయాడు’ అన్నమాటలో అయినవారి దుఃఖం ఉంటుంది. ‘చచ్చాడు’ అన్నచోట తరచుగా తిరస్కారం తోస్తుంది. అదే విధంగా అతిథిని ‘భోజనం చేయండి’ అని పిలుస్తాం. ‘మెక్కు’ అనే క్రియ తిండిపోతుతనాన్నీ, అన్యాయార్జనను కూడా సూచిస్తుంది.

వృత్తిపదాల సంగతి వేరు. వీటిని మోటుమాటలని తలచరాదు. ఒంగోలుకు చేరువనున్న కొత్తపట్నం తీరంలో మత్స్యకారుడు ‘వేటకు పోయాడు’ అంటే సముద్రంపైకి వెళ్ళాడని అర్థం. ‘చేపలు పట్టడం’ గాలంతో చెరువుగట్టున కూర్చున్నవానికీ చెల్లుతుంది. ‘వేట’లో సాహసం, జీవనాధారం రెండూ ఇమిడి ఉన్నాయి. అందుకే తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు అమలయ్యే నిషేధాన్ని ప్రభుత్వమూ ‘వేట నిషేధం’ అనే అంటున్నది. మెట్టపొలాలలో పత్తిని ‘తీస్తారు’, మిరపకాయలను ‘కోస్తారు’. చేతిపని మారితే క్రియ కూడా మారుతుంది. ఒంగోలులో 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఇట్టి వ్యవసాయ పదాలను సేకరించి, 1962లో మాండలిక వృత్తి పదకోశంగా వెలువరించారు.

యువకుల వాడుకలో పాత మాటలే కొత్త అర్థాలు ధరిస్తాయి. ‘తోపు’ అంటే చెట్ల గుంపు. తీరగ్రామాలలో సరుగుడు తోపులు సుపరిచితాలు. నేడు ‘వాడు తోపు’ అంటే గొప్పవాడని భావం. కాని ‘సమర్థుడు’ అన్న మాటలో నిండు మెప్పు ఉండగా, ‘తోపు’లో ఒక్కొక్కప్పుడు వెటకారం దాగి ఉంటుంది. అది మెప్పో ఎత్తిపొడుపో పలికే తీరును బట్టి తెలుస్తుంది. వ్రాతలో ఆ స్వరం వినబడదు గనుక అపార్థానికి చోటుంటుంది.

అన్నిటికంటె జాగ్రత్త వహించవలసిన జంట ‘లంచం’, ‘మామూలు’. అరబ్బీ మూలం గల ‘మామూలు’ అనే మాటకు అలవాటైనది అని అర్థం. ‘లంచం’ అన్నప్పుడు నేరం నేరంగా కనబడుతుంది. ‘మామూలు’ అన్నప్పుడు అదే నేరం ఆచారంగా మారిపోతుంది. ఇచ్చేవానికి కోపం రాదు, పుచ్చుకొనేవానికి సిగ్గు కలుగదు. ఈ విధంగా ఒక మాట మన వివేకాన్నే నిద్రపుచ్చగలదు.

కనుక విద్యార్థులు వాడుకమాటను చిన్నచూపు చూడక, ఎవరితో, ఎక్కడ, ఏ భావంతో పలుకుతున్నామో యోచించి మాటను ఎన్నుకోవాలి.

అభ్యాసం

1. ‘చేపలు పట్టు’, ‘వేటకు పోవు’ – అర్థభేదాన్ని వివరించండి.
2. ‘లంచం’ అనే మాటకు బదులు ‘మామూలు’ అనడం వల్ల కలిగే అనర్థమేమి?
3. మీ ప్రాంతపు వృత్తిపదాలు ఐదింటిని సేకరించి, సొంతవాక్యాలలో ప్రయోగించండి.