ట్యాంకు రంగు గీకే ముందు

విజయనగరం

బాబూ,

మీ నాన్న బుల్లెట్ ట్యాంకుకి రంగంతా తీసేసి ఉక్కు మెరిసేలా ఉంచాలని ఉందని రాశావు. భిలాయిలో పుట్టి పెరిగినవాడివి, ఆ ముచ్చట నీకు రావడం సహజమే. కాదనను.

అయితే ముందు దాని మీది బంగారు గీతలు చూడు. అవి స్టిక్కర్లు కావు. మద్రాసు తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మనిషి కుంచె పట్టి చేత్తో లాగిన గీతలు. గీకితే మళ్లీ రావు. అవి చెదరకుండా ఉంటే ఆ ట్యాంకు దాచిపెట్టి, మీ భిలాయి పవర్‌హౌస్ పేట వైపు మెకానిక్కులని అడిగి పాతదొకటి సంపాదించి దాని మీద మొదలుపెట్టు.

పెట్రోల్ వంచేశాను కదా అని ధీమా పడకు. నిండు ట్యాంకు కన్నా ఖాళీదే ప్రమాదం. గాలిలో పెట్రోల్ ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. పెట్రోల్ కాక్ విప్పి, ఆ కన్నం గట్టిగా మూసి, ట్యాంకు నిండా నీళ్లు నింపి అప్పుడు చెయ్యి వెయ్యి. గ్రైండరు మాత్రం ముట్టుకోకు. నిప్పురవ్వల మాట అలా ఉంచు, ఆ వేడికి పల్చటి రేకు వంకర్లు పోతుంది. పెయింట్ రిమూవర్ పూసి, రంగు పొంగాక గీకు. ఆరుబయట, చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు. అడుగున అతుకుల్లో మందు మిగలకుండా బాగా కడుగు. తర్వాత 120, 220, 400 నంబరు కాగితాలు వరసగా, ఒకే దిక్కుకి రుద్దు. పాత లప్పం కింద సొట్టలు బయటపడతాయి, వాటికి సిద్ధంగా ఉండు. పనయ్యాక లోపలి నీళ్లు వంచి, పూర్తిగా ఆరనిచ్చి, కాస్త ఇంజనాయిలు కలిపిన పెట్రోలుతో కడిగితే లోపల తొందరగా తుప్పు పట్టదు.

మన భిలాయి ఉక్కు ప్లాంటులో తీసే రైలు పట్టాలకి రంగెక్కడుందని అడుగుతావేమో. పట్టా దళసరి, పైపైన తుప్పు పట్టినా ఏళ్ల తరబడి బరువు మోస్తుంది. ట్యాంకు రేకు మందం మిల్లీమీటరుకి అటూ ఇటూ. ఆ రేకు మనది కూడా కాదు, మనవి పట్టాలు, దళసరి ప్లేట్లు; పల్చటి రేకులు బొకారో లాంటి చోట్ల తీస్తారు. వట్టి ఉక్కు మీద చెమట వేలు పడితే చాలు, ఆ ముద్ర ఎర్రగా తేలుతుంది. అందుకే వానాకాలంలో ఈ పని వద్దు, సంక్రాంతి దాటాక పెట్టుకో.

మైనం పూస్తే మెరుపు బాగుంటుంది గాని మళ్లీ మళ్లీ పూస్తూనే ఉండాలి. హార్డ్‌నర్ కలిపే క్లియర్ లాకరు గట్టిది, పెట్రోలు ఒలికినా తట్టుకుంటుంది. కానీ చిన్న గీత పడితే అక్కణ్నుంచి లాకరు కింద సన్నటి దారాల్లా తుప్పు పాకుతుంది. ఆ హార్డ్‌నర్ ఊపిరితిత్తులకి మహా చెడ్డది, సరైన మాస్కున్న పెయింటరుకే అప్పగించు. ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది, రంగు మార్చాలంటే ఏం చెయ్యాలో ముందే దుర్గ్ ఆర్టీవోలో కనుక్కో.

రోజూ తుడిచే ఓపికుంటే ఉక్కు రంగే ఉంచు. లేకపోతే ప్రైమరు కొట్టించి మీ నాన్న ఇష్టపడ్డ నలుపే వేయించు. ఏదైనా సరే, పెట్రోల్ వంచే ముందు నాకొకసారి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న