రక్తమందలి యినుమును, కణములను గాచు ఎంజైములును

జూబిలీ హిల్సునకును ఫిలిం నగరునకును పోవువారు సాధారణముగ సినిమా తారల గృహములను జూడగోరుదురు. మేము పాఠకుల దృష్టిని జూబిలీ హిల్సునందలి రక్తనిధివైపునకు మరల్చెదము. నటుడు చిరంజీవి 1998వ సంవత్సరమున స్థాపించిన ధర్మసంస్థ దానిని నడుపుచున్నది. ఆ యేటనే థాలసీమియా రోగుల తలిదండ్రులును వైద్యులును గూడి హైదరాబాదున నొక సంఘమును నెలకొల్పిరి. ఈ వంశపారంపర్య వ్యాధి తీవ్రముగ నున్న బిడ్డకు రెండు మొదలు నాలుగు వారముల కొకసారి యితరుల రక్తమెక్కింపవలయును. ప్రాణము నిలుపు నా రక్తమే మరియొక చిక్కును దెచ్చుచున్నది.

ఎర్రకణములలోని హిమోగ్లోబిను రెండు ఆల్ఫా గొలుసులును రెండు బీటా గొలుసులును గూడి యేర్పడును. తలిదండ్రులిరువురినుండియు లోపముగల జన్యువు సంక్రమించినచో బీటా గొలుసులు చాలవు. జతలేని ఆల్ఫా గొలుసులు కణపు పొర నంటుకొని దానిని జెరచును, ఇనుము బయటపడును. ఎక్కించిన ప్రతి రక్తపుసంచితోడను మరి 200 మిల్లీగ్రాములకు పైగా నినుము వచ్చును. దేహమో, దినమునకు 1 లేక 2 మిల్లీగ్రాములకు మించి వెలిపుచ్చజాలదు. మిగిలినది కాలేయమునందును గుండెయందును జేరును.

మనము పీల్చు ప్రాణవాయువు దేహమున వినియోగమగునపుడు సూపరాక్సైడను తీక్ష్ణపదార్థము కొంత పుట్టుచునే యుండును. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజు అను ఎంజైము దానిని హైడ్రోజన్ పెరాక్సైడుగ మార్చును. ఈ సంగతిని 1969లో మెక్కార్డు, ఫ్రిడోవిచ్ అనువారు వెల్లడించిరి. పిమ్మట కాటలేజు ఆ పెరాక్సైడును నీరుగను ప్రాణవాయువుగను విడదీయును. గ్లూటాథయోన్ పెరాక్సిడేజును దానిని హరించును. కాని యినుము మిక్కుటమైనచో, నీ యెంజైములు చేపట్టకమునుపే పెరాక్సైడు దానితో గలిసి హైడ్రాక్సిలను నత్యుగ్రపదార్థమును బుట్టించును. అది క్రోమోసోములలోని డి.ఎన్.ఏ. పోగులను దెంచును.

ఎర్రకణమునకు కేంద్రకమే లేదు గదా, క్రోమోసోములెక్కడివని విద్యార్థులడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. పరిశోధకులు పరీక్షించునవి తెల్లకణములలోని లింఫోసైట్లు. వానిని సుమారు మూడు దినములు గాజుపాత్రలో బెంచి, విభజన జరిగిన పిమ్మట సూక్ష్మదర్శినితో జూతురు. తెగిన తునుక ప్రధాన కేంద్రకమున జేరలేక, ప్రక్కన చిన్న చుక్కవలె నిలుచును. థాలసీమియా రోగులయం దిట్టి చుక్కలు హెచ్చుగ గానవచ్చినవి. ఎంజైముల కొలత మాత్రము అన్ని పరిశోధనలందు నేకరీతిగ లేదు. కొన్నింట హెచ్చు, కొన్నింట తగ్గు. హెచ్చుటయు శుభసూచకము కాదని మా యభిప్రాయము. దొంగల భయము పెరిగినపుడే గదా కావలివారిని బెంచుదురు!

కావున రక్తముతోబాటు ఇనుమును వెడలించు డెస్ఫెరియాక్సమిను సూదిమందునో, డెఫెరాసిరాక్సు మాత్రలనో వైద్యుడు చెప్పినట్లు విడువక యీయవలయును. బలమునకై యమ్ము నినుపధాతువు మందులను ఈ బిడ్డలకు వైద్యుని యనుమతి లేక యీయరాదు.

లోపముగల జన్యువు నొక్కదానినే కలవారిని వాహకులందురు. వారు ఆరోగ్యవంతులవలెనే యుందురు. హిమోగ్లోబిన్ ఎ2 పరిమాణము సాధారణముగ 3.5 శాతమును మించియుండుటచే రక్తపరీక్షయందు బయటపడుదురు. దంపతులిరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును వ్యాధిగల శిశువు పుట్టు నవకాశము నాలుగింట నొకటి. మొదటిబిడ్డ ఆరోగ్యముగ బుట్టినంతమాత్రమున రెండవ కాన్పున నది తగ్గదు.