పోలింగ్ డ్యూటీ చేసినవాళ్లే నోరు విప్పాలి

“ఏటి మాస్టారూ, రేతిరికి రేతిరి మిషన్లు మార్సేసినారట గదా?”

కోటబొమ్మాళి చుట్టుపక్కల ఎన్నికల డ్యూటీ చేసిన టీచర్లకు, సచివాలయ ఉద్యోగులకు ఇలాంటి ప్రశ్న కొత్త కాదు. చాలామంది “మనకెందుకులెండి” అని నవ్వేసి తప్పుకుంటారు. అలా తప్పుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ నవ్వుని జనం ఒప్పుకోలుగా తీసుకుంటారు. “మాస్టారే కాదనలేదు” అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది.

ఈ కథకు పార్టీ లేదు. 2019లో వైఎస్సార్‌సీపీ 175 స్థానాలకు 151 గెలిచింది. 2024లో తెలుగుదేశం కూటమి 164 గెలిచింది. మొదటిసారి తెలుగుదేశం నాయకులు, రెండోసారి వైఎస్సార్‌సీపీ నాయకులు ఈవీఎంల మీద అనుమానాలు లేవనెత్తారు. నాయకుడి నోట అనుమానంగా ఉన్నది కార్యకర్త ఫోన్‌లోకి వచ్చేసరికి రుజువైపోయిన కుట్ర అయింది.

అనుమానపడటం తప్పు కాదు, ఓటరు హక్కు అది. చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నాయకులు అనుమానాన్ని సుప్రీంకోర్టుకు తీసుకెళ్లారు. అంతవరకు అసెంబ్లీ స్థానానికి ఒక్క బూత్‌లోనే వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించేవారు. 2019 ఏప్రిల్ 8న కోర్టు దాన్ని అయిదు బూత్‌లకు పెంచింది. 2024 ఏప్రిల్ 26 తీర్పుతో, రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు 5 శాతం యంత్రాలను తనిఖీ చేయించుకునే వీలు వచ్చింది. ఆ వీలును వాడుకున్నవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. 2024 ఫలితాల తర్వాత విజయనగరం లోక్‌సభ స్థానం నుంచి, గజపతినగరం, ఒంగోలు అసెంబ్లీ స్థానాల నుంచి ఓడిన అభ్యర్థులు తనిఖీకి దరఖాస్తు చేశారు. అప్పట్లో యంత్రాల సెట్టు ఒక్కింటికి పన్నుతో కలిపి రూ. 47,200 కట్టాల్సి వచ్చింది. ఫలానా బూత్‌లో ఫలానా యంత్రం అని రాసి ఇవ్వాలి. వాట్సాప్‌లో తిరిగే కథ మాత్రం ఏ బూత్‌లో, ఏ నంబరు యంత్రమో ఎప్పుడూ చెప్పదు. చెబితే తేలిపోతుంది కాబట్టి.

ఇలాంటి కథల వల్ల నష్టం ఎవరికి? హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో కూలి చేసుకుంటూ, ఓటు కోసం సొంత డబ్బుతో ఊరొచ్చే మన సిక్కోలు మనిషికి. “ఎవరికేసినా ఒకటే” అని ఒక్కసారి నమ్మితే ఇంకోసారి రాడు. ఆ మాట అతనికి చెప్పినవాడు మాత్రం తన పార్టీ ఓట్లు తను వేయించుకుంటాడు. మరో నష్టం మీకే. 2024లో రాష్ట్రంలో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలుండేవి. వాటన్నిటిలో పెట్టెలు మోసింది, సీళ్లు వేసింది మన ఉద్యోగులే. కుట్ర జరిగిందంటే అర్థం, మీరూ అమ్ముడుపోయారని.

పుకారు ఎంతదూరం పోతుందో 2018 మే నెలలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న మెసేజ్‌లు రెండు తెలుగు రాష్ట్రాల్నీ ఊపేశాయి. దారిన పోయే అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్లకు పంపి, కళాబృందాలతో పాటలు పాడించి, జనంతో ముఖాముఖి మాట్లాడించారు. ఊరికి తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెబితే జనం వింటారు. మన దగ్గర ఆ తెలిసిన మనిషి మీరే.

కాబట్టి ఎవరైనా అడిగితే మీరు చేసిన పనే చెప్పండి. పోలింగ్‌కు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ వేశాం, యంత్రం లెక్కనూ స్లిప్పుల లెక్కనూ సరిచూశాం, ఆ ఓట్లు చెరిపేసి, స్లిప్పుల్ని నల్ల కవరులో పెట్టి సీలు వేశాం అని చెప్పండి. చివర్లో ఎన్ని ఓట్లు పడ్డాయో 17సి ఫారంలో రాసి ఏజెంట్లకు నకలు ఇచ్చామని చెప్పండి. ఆ కాగితం బూత్‌లో ఏజెంట్లున్న అన్ని పార్టీల దగ్గరా ఉంటుంది. లెక్కింపు రోజు దానితో సరిచూసుకోవచ్చు.

2024 మే 13 సాయంత్రం అయిదింటికి సుమారు 68 శాతం ఉన్న పోలింగ్ చివరికి 81.86 ఎలా అయిందన్నది ఎక్కువగా తిరిగిన ప్రశ్న. ఆరింటికి వరుసలో ఉన్నవాళ్లందరికీ ఓటు వేయించాలి. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటేదాకా వేయించారు. సాయంత్రం అంకె ఫోన్లలో పోగుచేసిన అంచనా, చివరి అంకె కాగితం మీది లెక్క. పైగా పోస్టల్ ఓట్లు అందులో కలిశాయి. మీరు ఆ రాత్రి ఎన్నింటికి పెట్టె సీలు వేశారో చెబితే, ఏ వివరణా దానికి సాటి రాదు.

“నేనొకదానికి నొక్కితే ఇంకో గుర్తు పడింది” అని పోలింగ్ రోజే ఎవరైనా అంటే, కసిరి పంపేయకండి. 49ఎంఏ నిబంధన ఉన్నది దానికే. అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని ముందే హెచ్చరించి, రాతపూర్వకంగా తీసుకుని, ఏజెంట్ల ఎదుట పరీక్ష ఓటు వేయించండి. నిజమైతే పోలింగ్ ఆపి పైకి తెలపాలి. వినకుండా పంపిస్తే ఒక వీడియో పుడుతుంది. దాన్ని తర్వాత ఎవరూ ఆపలేరు.

చెప్పకూడనివీ ఉన్నాయి. ఎవరు ఎవరికి వేశారో బయటపెట్టడం ప్రజాప్రాతినిధ్య చట్టం 128వ సెక్షన్ కింద నేరం. “మా బూత్‌లో గాలి ఇటుంది” లాంటి మాటలు కూడా వద్దు. 1964 ప్రవర్తనా నియమాలు ప్రభుత్వోద్యోగిని రాజకీయాలకు దూరంగా ఉండమంటాయి. మీ అభిమాన పార్టీకి అనుకూలమైన కుట్ర కథను స్టాఫ్ గ్రూపులో పడేసినా అది మీ మెడకే చుట్టుకుంటుంది. మన పార్టీ ఓడినప్పుడే చెయ్యి ఫార్వర్డ్ మీదికి పోతుంది, ఆ రోజే ఆగాలి.

గ్రూపులో పెద్దవాళ్లు పెడితే అందరిలో నిలదీయకండి. ఫోన్ చేసి, “బాబాయ్, ఇది ఏ బూత్‌దో కనుక్కుని చెప్తారా?” అని అడగండి. తప్పుడు బొమ్మను “ఇది అబద్ధం” అని మళ్లీ పంపకండి, బొమ్మే మిగులుతుంది.

ఈసారి శిక్షణకు పిలిస్తే వెనక బెంచీలో కూర్చోకండి. 17సి నింపడం, సీళ్లు వేయడం చేత్తో చేసి నేర్చుకోండి. పోలింగ్ ముగిశాక ఏజెంటు బస్సుకు తొందరపడుతున్నా ఆపి, 17సి నకలు చేతిలో పెట్టి సంతకం తీసుకోండి.