చక్రాల మీద కాపురం

తెల్లవారింది. పొయ్యి మీద కాఫీ కాగుతోంది. పిల్లలు ఇంకా పక్క మీదే ఉన్నారు. తల్లి కిటికీ తెర తీసింది. నిన్న ఇదే కిటికీలోంచి కొండ కనిపించింది. ఈ రోజు చెరువు కనిపిస్తోంది. ఇల్లు మాత్రం అదే.

ఇది అమెరికాలో ఒక ఇల్లు. దీనికి పునాది లేదు, చక్రాలు ఉన్నాయి. అక్కడ దీన్ని ఆర్వీ అంటారు. కొన్ని ఆర్వీలు బస్సులాగా ఉంటాయి. ముందు డ్రైవరు సీటు, వెనక ఇల్లు. కొన్నిటికి ఇంజను ఉండదు. ట్రాక్టరుకు ట్రాలీ తగిలించినట్టు, వాటిని ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోతారు. ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల ఈ బళ్ళు తయారుచేసే కార్ఖానాలు చాలా ఉన్నాయి.

చాలామంది సెలవుల్లో నాలుగు రోజులు తిరిగి రావడానికే ఈ బండి కొంటారు. కొన్ని కుటుంబాలు మాత్రం ఉన్న ఇల్లు అమ్మేసి, ఏడాది పొడుగునా ఇందులోనే కాపురం ఉంటాయి. భార్య, భర్త, ఇద్దరు పిల్లలు ఉన్న కాపురం ఒకటి అనుకుందాం. వాళ్ళ సంసారం ఎలా జరుగుతుంది?

పది బిందెల నీళ్ళు

ముందు నీళ్ళ సంగతి. బండిలో మంచినీళ్ళ ట్యాంకు ఒకటి ఉంటుంది. మధ్యరకం బండిలో సుమారు 150 లీటర్లు పడతాయి. 15 లీటర్ల బిందె లెక్కన పది బిందెలు. నలుగురి వంట, స్నానాలు, గిన్నెలు అన్నీ ఆ పది బిందెల్లోనే. అవి అయిపోతే మళ్ళీ కుళాయి ఉన్న చోటు వెతుక్కోవాలి. అందుకని తల్లి గిన్నెల్ని ముందు కాగితంతో తుడిచి, ఆ తరవాత కడుగుతుంది. స్నానం చేసేవాళ్ళు ఒళ్ళు తడుపుకొని కుళాయి కట్టేయాలి. సబ్బు రుద్దుకున్నాకే మళ్ళీ తిప్పాలి. ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్ళు వచ్చే ఇంట్లో పెరిగిన మనిషికి ఇదంతా కొత్త. బోరింగు దగ్గర వరసలో నిలబడిన వాళ్ళకు మాత్రం ఇందులో వింతేమీ లేదు.

మరి వాడిన నీళ్ళు? వాటిని దారిలో వదలకూడదు. బండి అడుగున ఇంకో రెండు ట్యాంకులు ఉంటాయి. స్నానం నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఒకదాంట్లోకి పోతాయి. మరుగుదొడ్డిది ఇంకోదాంట్లోకి పోతుంది. అవి నిండితే, ఖాళీ చేయడానికి కట్టిన చోటికి బండి తోలుకుపోవాలి. చేతులకు తొడుగులు వేసుకుని లావుపాటి గొట్టం తగిలిస్తారు. ముందు మరుగుదొడ్డి ట్యాంకు తెరుస్తారు. అది పోయాక రెండోది తెరుస్తారు. సబ్బు నీళ్ళు వెనక వస్తే గొట్టం కడిగినట్టవుతుంది. వరస తప్పితే గొట్టం నిండా మురికే. ఈ బళ్ళ గురించి వేసే రంగుల బొమ్మల్లో కొండలు కనిపిస్తాయి, సముద్రం కనిపిస్తుంది. ఈ గొట్టం మాత్రం కనిపించదు.

వంట గ్యాసు మీద. చాలా బళ్ళలో ఫ్రిజ్ కూడా గ్యాసుతో నడుస్తుంది. ఇల్లు చిన్నది, గాలి ఆడేది తక్కువ. కాబట్టి విషవాయువు చేరితే మోగే గంట తప్పకుండా ఉండాలి. బయలుదేరే ముందు ప్రతి అలమరాకు గొళ్ళెం పెట్టాలి. ఒక్కటి మరిచిపోతే మొదటి మలుపులోనే పళ్ళాలన్నీ కిందికి వస్తాయి.

ఎక్కడ ఆగాలి? ఎలా బతకాలి?

అద్దె కడితే బళ్ళు నిలిపే స్థలాలు దొరుకుతాయి. నీళ్ళు, కరెంటు, మురుగు పోయే గొట్టం అక్కడే ఉంటాయి. అద్దె భారమైన వాళ్ళు పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూముల్లో దిగుతారు. చాలాచోట్ల డబ్బు కట్టనక్కర్లేదు. కాని మామూలుగా 14 రోజులు దాటితే కదలాల్సిందే. చలికాలంలో అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ వేల బళ్ళు చేరతాయి. మంచు పడే చోట ఉంటే నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి మరి.

అందరూ సరదాకే తిరుగుతున్నారనుకోకూడదు. 2008 సంక్షోభంలో అప్పులు కట్టలేక అమెరికాలో లక్షల కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. అలా పోగొట్టుకున్న వాళ్ళలో కొందరికి పాత ఆర్వీయే ఇల్లయింది. పని ఎక్కడుంటే బండి అక్కడికి పోతుంది. అక్టోబరులో మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో చక్కెర దుంపల కోతకు చాలామంది వెళతారు. రోజుకు 12 గంటల పని. వయసు మళ్ళిన వాళ్ళూ వస్తారు. కోతలకు వలస పోయిన వాళ్ళకు ఈ బతుకు గురించి చెప్పక్కర్లేదు.

పిల్లల చదువు? అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి దగ్గర చదువు చెప్పుకోవచ్చు. షరతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. టెక్సాస్‌లో చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడి బాధ్యతలు నేర్పితే చాలు. నేర్పే పని ఎక్కువగా తల్లి మీదే పడుతుంది. నది గురించి పాఠం నది ఒడ్డునే చెప్పొచ్చు, అది నిజమే. కాని స్నేహం కుదిరేలోగా బండి కదులుతుంది. అప్పుడు పిల్లలు మొహం ముడుచుకుంటారు.

మీ ఊరేది?

లైసెన్సుకు చిరునామా కావాలి. బ్యాంకుకు కావాలి. ఓటుకు కావాలి. రోజూ తిరిగే ఇంటికి చిరునామా ఏమని రాయాలి?

కే పీటర్సన్ అనే ఆమె, భర్త జోతో కలిసి ఇలాగే బండిలో కాపురం ఉండేవారు. తమ బతుకు గురించి ఆమె పత్రికకు వ్యాసాలు రాశారు. అలా తిరిగే మిగతా వాళ్ళతో పరిచయాలు పెరిగాయి. 1978లో ఆ దంపతులు ఎస్కేపీస్ అనే సంఘం పెట్టారు. ఇప్పుడు టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఆ సంఘం కార్యాలయం ఉంది. సభ్యుల ఉత్తరాలు అక్కడికి వస్తాయి. ఎవరెక్కడ ఉంటే అక్కడికి వాటిని పంపిస్తారు. ముసలితనంలోనో జబ్బు చేసో తిరగలేకపోయిన వాళ్ళు తమ బండిలోనే ఉంటూ సాయం పొందే చోటు కూడా ఆ ఊళ్ళోనే ఉంది.

సౌత్ డకోటా రాష్ట్రంలో ఇంకో పద్ధతి ఉంది. ఒక్క రాత్రి అక్కడ బస చేసిన రసీదు చూపిస్తే ఇలా తిరిగే వాళ్ళకు లైసెన్సు ఇస్తారు. చాలామంది అక్కడే ఓటు కూడా రాయించుకున్నారు. 2023లో చట్టం మారింది. ఓటు కావాలంటే ఆ రాష్ట్రంలో 30 రోజులు ఉండి తీరాలన్నారు. "బండి రిజిస్ట్రేషను డబ్బు ఇక్కడే కడుతున్నాం. ఓటు ఎందుకు లేదు?" అని తిరిగేవాళ్ళు అడుగుతారు. "ఊళ్ళో ఉండని వాళ్ళు మా ఊరి పెద్దల్ని ఎన్నుకోవడమేమిటి?" అని ఉండేవాళ్ళు అడుగుతారు. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు.

మన దగ్గర ఊరూరా తిరిగే సంచార జాతుల వాళ్ళూ ఈ చిక్కుతోనే రేషను కార్డు కోసం, ఓటరు కార్డు కోసం అవస్థ పడ్డారు. వాళ్ళకు అమ్ముకోవడానికి ఇల్లు కూడా లేదు. ఆఫీసులో అడిగే మాట మాత్రం ఒకటే: "మీ ఊరేది?"

లెక్క వేయండి: మీ ఇంట్లో రోజుకు ఎన్ని బిందెల నీళ్ళు ఖర్చవుతాయి? పది బిందెలు ఎన్ని రోజులు వస్తాయి?

రాయండి: మీ పూర్తి చిరునామా. ఓటర్ల జాబితాలో అది అలాగే ఉందో లేదో చూసుకోండి.