పెద్దల పాఠము: ఆన్‌లైన్ జూదము – చట్టము ఆగిన చోట సంఘము పని

చదువవలసిన వాక్యభాగములు: యెహోషువ 7:16–26, లూకా 19:1–10, ఎఫెసీ 4:28, 2 కొరింథీ 8:18–21

పాఠము ఉద్దేశము: పందెపు ఆటలను ప్రభుత్వము నిషేధించినప్పుడు విశ్వాసి ఏమి తలంచవలెను, సంఘము ఏమి చేయవలెను అని తెలిసికొనుట.



మా మన్నాఏఖేళ్ళి హైదరాబాదు–షోలాపురు రహదారి మీది ఊరు. ఒక వైపు పోతే హుమ్నాబాదు, మరొక వైపు పోతే సరిహద్దు దాటి జహీరాబాదు. మన పిల్లలు అనేకులు ఉదయము బస్సెక్కి అవతల పనికి పోయి, చీకటి పడిన తరువాత ఇల్లు చేరుదురు. ఈ రాకపోకలలో వారు చూచిన ఒక వింతతో పాఠము ఆరంభించుచున్నాము.

తెలంగాణ ప్రభుత్వము 2017లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసినది. కర్ణాటకలో 2021 అక్టోబరు 5న నిషేధము అమలులోనికి వచ్చినది గాని, 2022 ఫిబ్రవరి 14న హైకోర్టు ఆ సవరణలోని ముఖ్యమైన భాగములను కొట్టివేసినది. అటుపిమ్మట సుమారు మూడున్నర సంవత్సరములు ఏమి జరిగినది? జహీరాబాదులో ఫోను తీస్తే పందెపు ఆట తెరుచుకొనదు. సాయంకాలము బస్సు సరిహద్దు దాటగానే అదే ఫోనులో అదే ఆట తెరుచుకొనును. అవతల తప్పైనది ఇవతల ఒప్పు ఎట్లగును? ప్రభుత్వముల హద్దులు మారవచ్చును, దేవుని యెదుట మన మనస్సాక్షికి సరిహద్దు రాయి లేదు.

1. చట్టము ఏమి చెప్పినది?

2025 ఆగస్టు 20న లోకసభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ చట్టమును ఆమోదించినవి. 22న రాష్ట్రపతి సంతకము అయినది. నైపుణ్యపు ఆటయా, అదృష్టపు ఆటయా అనే భేదము లేకుండ, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నిటిని ఈ చట్టము నిషేధించినది. అట్టి ఆట నడిపినవారికి 3 సంవత్సరముల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, లేక రెండును. ప్రకటనలు చేసినవారికి 2 సంవత్సరముల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. డబ్బు చెల్లింపులకు తోడ్పడిన సంస్థలకును శిక్ష గలదు. అయితే ఆడి నష్టపోయినవానికి శిక్ష లేదు. ఈ చివరి మాట జ్ఞాపకముంచుకొనుడి, మరల దీనియొద్దకు వచ్చెదము.

దేశములో 45 కోట్ల మంది ఈ ఆటలలో ఏటా సుమారు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకొనుచున్నారని అప్పుడు కేంద్ర ప్రభుత్వము అంచనా చెప్పినది. కంపెనీలు ఆ నెలలోనే మన కర్ణాటక హైకోర్టుకు వెళ్ళినవి. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యములను తనయొద్దకు తెప్పించుకొన్నది.

2. మన మధ్య వినబడిన మూడు మాటలు

చట్టము వచ్చిన తరువాతి ఆదివారము ఆరాధన ముగిసి చెట్టు క్రింద కూర్చున్నప్పుడు మూడు విధములైన మాటలు వింటిమి.

మొదటి మాట యువకులది: “రమ్మీ బుద్ధితో ఆడే ఆట, జూదము కాదు. కోర్టే చెప్పింది.” ఇది పూర్తిగా అబద్ధము కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు విషయములో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ముఖ్యముగా నైపుణ్యపు ఆట అని తీర్పు చెప్పినది. అయితే అదే తీర్పులో, పందెపు ఆట వలన క్లబ్బువారు లాభము తీసికొనుచున్నట్లు సాక్ష్యముంటే నేరము కావచ్చునని కూడ ఉన్నది. సగము తీర్పు చదివి మిగిలిన సగము విడిచిపెట్టరాదు.

బడిపిల్లలకు చెప్పే లెక్క ఒకటి చూడుడి. పదిమంది తలకు 100 రూపాయలు వేసిరి, మొత్తము 1,000. ప్రతి ఆటకు యాప్ నూటికి 10 తన కమీషనుగా ఉంచుకొనునని అనుకొందము. మొదటి ఆట తరువాత మిగిలినది 900. అదే సొమ్ముతో మరల ఆడితే 810. ఏడవ ఆట ముగియునప్పటికి పదిమంది చేతిలో కలిపి మిగిలినది సుమారు 478 రూపాయలు. సగము కంటె ఎక్కువ కంపెనీకి పోయినది! ఆ పదిమందియు ఎంత తెలివైనవారైనను ఈ లెక్క మారదు. తెలివి వలన నిర్ణయమగునది ఒక్కటే: ఆ పదిమందిలో ముందు ఎవడు మునుగును, తరువాత ఎవడు మునుగును అని. పైగా గెలిచినవాడు తెచ్చుకొన్నది కష్టఫలము కాదు, పొరుగువాని ఇంటి బియ్యపు డబ్బు.

రెండవ మాట: “పాపం, ఎందరి ఉద్యోగాలు పోతాయి?” రెండు లక్షల ఉద్యోగములు పోవునని ఆ పరిశ్రమ సంఘములు ప్రభుత్వమునకు వ్రాసినవి. జీతము పోయినవాని యెడల మనకు కనికరముండవలెను. అయితే ఫిలిప్పీలో సోదె చెప్పే చిన్నది విడుదల పొందినప్పుడు ఆమె యజమానులకు కనబడినది ఆమె స్వస్థత కాదు, తమ రాబడి పోవుట (అపొ. 16:19). ఎఫెసులో దేమేత్రియు కూడ తన పనివారి బ్రతుకుతెరువు పేరు చెప్పియే అల్లరి లేపెను (అపొ. 19). ఒకని జీతము మరియొకని ఇల్లు కూల్చుటపై నిలిచినప్పుడు సంఘము ఎవరి పక్షమున నిలువవలెను?

మూడవ మాట పెద్దలమైన మాది: “ప్రభుత్వమే ఆపింది, ఇక మనకేం పని?” మూడింటిలో ఇదే ప్రమాదకరమైనది. ఎందుకో చెప్పెదము.

3. రేకుల సొమ్ము

ఒక సంఘములో జరిగిన సంగతి, మేము కన్నులార చూచినది. పేర్లు వ్రాయుట లేదు. ప్రార్థనా మందిరపు పైకప్పు రేకులు మార్చుటకు విశ్వాసులు కూడబెట్టిన సొమ్ము ఒక నమ్మకమైన యువకుని చేతిలో ఉండెను. కూలి చేసికొనే అమ్మలు కొంగు ముడి విప్పి ఇచ్చిన పదులు, ఇరువదులు అందులో ఉన్నవి. ఒక సాయంకాలము అతని తల్లి మా ఇంటికి వచ్చి, “అయ్యగారూ, మా పిల్లగాడు మూడు దినాల సంది అన్నం తింటలేడు, ఎవ్వరితోని మాట్లాడ్తలేడు” అని ఏడ్చినది. మేము వెళ్ళి కూర్చుంటిమి. చాలసేపటికి అతడు నోరు విప్పెను. ముందు తన జీతము పోయెను. దానిని తిరిగి రాబట్టుకొనుటకు రేకుల సొమ్ములో అయిదు వందలు తీసెను. దానిని పూడ్చుటకు రెండు వేలు. అట్లు 38,000 రూపాయలు పోయినవి. ఇదంతయు చట్టము వచ్చిన తరువాతనే! పాత యాప్ పందెములు ఆపివేయగా, ఎవరో పంపిన లింకు ద్వారా దేశము వెలుపలి యాప్‌లో చేరెను. డబ్బు ఎవరెవరి ఖాతాలకో పోయెను.

ఆకాను కథ చదువుడి. చూచెను, ఆశించెను, తీసికొనెను, డేరాలో పాతిపెట్టెను. నాలుగు మెట్లు. ఇప్పుడు డేరా త్రవ్వనక్కర లేదు, ఫోనుకు తాళము వేస్తే చాలును. అయితే మనము యెహోషువ దండు కాము, రాళ్ళు ఏరుకొనుటకు మనకు ఆజ్ఞ లేదు. పడినవానిని సాత్వికముతో నిలువబెట్టుమని గలతీ 6:1 బోధించుచున్నది.

పెద్దల కూటములో ఒకరు వెలివేయుదమనిరి. ఒకరు పోలీసులకు చెప్పుదమనిరి. అప్పుడు ఒక వృద్ధురాలు, “ఏడు నెలల సంది లెక్క ఎవరన్న అడిగినరా?” అనెను. ఎవరును మాటలాడలేదు. మాలో ఒక్కరమైనను అడుగలేదు. కొరింథీయుల చందా విషయములో పౌలువంటివాడే ఒంటరిగా సొమ్ము మోయక, నిందకు చోటివ్వకూడదని ఇతరులను వెంట పెట్టుకొనెను. మేము ఒక్క యువకుని మీద బరువంతయు మోపి, నమ్మకమని దానికి పేరు పెట్టితిమి. అది నమ్మకము కాదు, మా సోమరితనము.

జక్కయ్య ఒప్పుకొనుటతో ఆగలేదు, తిరిగి చెల్లింతునని నిలువబడి పలికెను. ఆ యువకుడు నెలకు 1,500 చొప్పున చెల్లించుచున్నాడు. ఆ లెక్కన ముగియుటకు రెండేండ్ల పైగా పట్టును. సంఘము అతనిని బల్లకు దూరముగా కొంతకాలము ఉంచినది గాని ఇంటికి దూరముగా ఉంచలేదు. ప్రతి శనివారము ఒక పెద్ద అతనితో కూర్చుండి టీ త్రాగి, వారము ఎట్లు గడిచినదని అడుగును.

4. బాప్టిస్టులము ప్రభుత్వమును ఎంతవరకు అడుగవచ్చును?

మన పితరులు రాజ్యమును సంఘమును వేరుగా ఉంచిరి. 1612లో ఇంగ్లండు గడ్డ మీద మొదటి బాప్టిస్టు సంఘమును నడిపించిన థామస్ హెల్విస్, మనుష్యుల ఆత్మలపై రాజుకు అధికారము లేదని వ్రాసి చెరసాల పాలాయెను. కావున పోలీసు లాఠీతో జనులను పరిశుద్ధులను చేయుమని మనము అడుగము. అయితే పొరుగువాని దోపిడీ నుండి కాపాడుట అధికారుల పనియే (రోమా 13:4). ఈ చట్టము ఆడించువానిని శిక్షించి, ఆడినవానిని విడిచిపెట్టినది. చట్టమే బాధితుని నేరస్థునిగా చూడనప్పుడు సంఘము చూడవచ్చునా? “పట్టుబడుదునేమో” అని దాగుకొన్నవారికి ఈ సంగతి చెప్పుడి. బయటికి వచ్చుటకు అది ధైర్యమిచ్చును.

మన పునాది కూడ జ్ఞాపకము చేసికొందము. 1876–78 నాటి గొప్ప కరవులో క్లౌ దొరగారు ఒంగోలు ప్రాంతపు ఆకలిగొన్న ప్రజలకు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కూలి పని ఇప్పించిరి. కూటి కొరకు వచ్చిరను మాట రాకుండ, కరవు సహాయము సాగినంతకాలము బాప్తిస్మములు ఆపిరి. తరువాత 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చేతులతో కష్టపడి, అక్కరగలవానికి పంచిపెట్టుమను ఎఫెసీ 4:28 ఆ కాలువ గట్టున కనబడినది. మనము ఆ చెమట సంతానము.

5. చేయవలసిన పనులు

అ) సంఘ సొమ్ము ఇద్దరి సంతకముతో బ్యాంకులో ఉండవలెను. నెలకొకసారి లెక్క సంఘము యెదుట చదువవలెను.

ఆ) కోతపండుగలో టిక్కెట్లమ్మి తీసే “లక్కీ డ్రా” మానివేయుదము. 2007లో కర్ణాటక లాటరీలను నిషేధించువరకు మన పెద్దలలో కొందరు జేబులో టిక్కెట్టు పెట్టుకొనియే ఆరాధనకు వచ్చిరి, ఎవరును గద్దించలేదు. పిల్లలు మనయొద్దనే నేర్చుకొందురు.

ఇ) ఫోను దాచుట, నిద్ర లేకపోవుట, చిన్న చిన్న అప్పులు, ఊరకనే కోపము – ఇవి కనబడితే నిందింపక అడుగుడి.

ఈ) ప్రార్థనతోపాటు వైద్యమును వాడుకొనుడి. ప్రభుత్వపు టెలి మానస్ 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్టు వ్యసనములకు ప్రత్యేక చికిత్సాలయము 2014 నుండి నడిచినది. మోసపోయిన సొమ్మును గూర్చి 1930కి వెంటనే తెలుపవలెను.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. నా గెలుపు మరియొకని నష్టమైతే దానికి నేను కృతజ్ఞతార్పణ ఇయ్యగలనా?
2. మన సంఘములో ఆర్థికముగా పడిపోయినవాడు భయము లేకుండ ఎవరి తలుపు తట్టగలడు?
3. మన సంఘ లెక్కలు కడపట ఎప్పుడు చదువబడెను?

గృహకృత్యము: ఈ వారము ప్రతి కుటుంబము సామెతలు 13:11, 28:20 కలిసి చదివి, ఇంటి అప్పులను దాచక ఒకరితో ఒకరు చెప్పుకొనవలెను.

ఆ రేకులు ఇంకను మార్చలేదు. మొన్నటి వానకు మూలన నీరు కారగా ఆ యువకుడే బక్కెట్టు తెచ్చి పెట్టి, దాని ప్రక్కనే కూర్చుండి ఆరాధించెను. అతడు మన మధ్యనే ఉన్నాడు, దేవునికి స్తోత్రము. ఆమెన్.