37 బస్తాలు 5 ఎలా అయ్యాయి? ర్యామ్‌లో తప్పు మనమే పెట్టి చూద్దాం

ఫోన్ కొనేటప్పుడు ర్యామ్ ఎన్ని జీబీ, స్పీడ్ ఎంత అని చూస్తాం. అందులో ఒక్క బిట్ తప్పితే డివైజ్ మనకి చెబుతుందా? అది ఎవరూ అడగరు. తప్పు దానంతట అది వచ్చేదాకా ఆగకుండా మనమే పెట్టి చూడటాన్ని ఎర్రర్ ఇంజెక్షన్ అంటారు.

నిజంగా ఇలా జరుగుతుందా?

జరుగుతుంది. గూగుల్ సర్వర్లపై 2009లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. 2003లో బెల్జియంలోని స్కార్బీక్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. 4096 అంటే 2 పవర్ 12, సరిగ్గా ఒక బిట్ విలువ. బిట్ తిరగబడి ఉంటుందని నిపుణులు భావించారు. ఆమెకు రావడానికి వీల్లేనన్ని ఓట్లు కనిపించాయి కాబట్టే దొరికింది.

నేను చేసిన ప్రయోగం

కొల్లిపరలో మా బాబాయి, దుగ్గిరాల యార్డుకి తోలిన పసుపు లెక్కని పుస్తకంలో రాస్తాడు. రైతుకో వరుస, రోజుకో నిలువు గడి. దాన్ని పైథాన్‌లో ఎక్కించి, ఒకచోట ఉన్న 37ని 32తో ఎక్సార్ చేశాను. బైనరీలో 100101 కాస్తా 000101 అయింది. 37 బస్తాలు 5 అయ్యాయి!

ప్రోగ్రామ్ హ్యాంగ్ అవ్వలేదు, ఎర్రర్ చూపలేదు. తప్పు అంకెతోనే మళ్లీ మొత్తం కట్టి చూపించింది. అదే అసలు ప్రమాదం.

తప్పు అంకె ఉన్న కాగితం బాబాయికిచ్చాను. పుస్తకంలో ముందే రాసుకున్న మొత్తాలతో పోల్చాడు. "ఈ అడ్డవరసా కలవట్లేదు, ఈ నిలువూ కలవట్లేదురా" అని, రెండూ కలిసే గడి మీద వేలు పెట్టాడు. నిమిషం పట్టలేదు.

ఈసీసీ మెమరీ కూడా ఇలాంటి పనే చేస్తుంది. సాధారణంగా 64 బిట్ల డేటాకి 8 బిట్లు అదనంగా, ముందే రాసి ఉంచుకుంటుంది. ఒక బిట్ తప్పితే దిద్దుతుంది. రెండు తప్పితే దిద్దలేదు గానీ, తప్పుందని చెబుతుంది.

అసలు హార్డ్‌వేర్‌పై ఎలా?

నేను మార్చింది ప్రోగ్రామ్‌లోని అంకెని మాత్రమే. సర్వర్లలో బయాస్ సపోర్ట్ ఉంటే, లైనక్స్‌లోని ఐన్జ్ అనే సదుపాయంతో మెమరీ తప్పునే పెట్టొచ్చు. దిద్దగలిగే తప్పా, దిద్దలేనిదా, ఏ అడ్రస్‌లో అన్నది ఎంచుకోవాలి. తర్వాత లాగ్ చూడాలి. దిద్దగలిగేది లాగ్‌లో నమోదవ్వాలి. దిద్దలేనిదైతే ఆ డేటా వాడుతున్న ప్రోగ్రామో, మొత్తం మెషీనో ఆగిపోవాలి. లాగ్‌లో ఏమీ లేకుండా పని సాగిపోతే ఆ మెషీన్ ఫెయిలైనట్టే.

జాగ్రత్త: రూట్ పర్మిషన్ కావాలి, సిస్టమ్ క్రాష్ అవ్వొచ్చు. రోజూ వాడే మెషీన్‌లో వద్దు, బ్యాకప్ తప్పనిసరి.

ఇంట్లో అయితే పైథాన్ ప్రయోగం చాలు. ముందు మొత్తాలు దాచుకోండి, తర్వాతే బిట్ తిప్పండి. హ్యాంగ్ అయిన మెషీన్‌ని రీస్టార్ట్ చేసుకోవచ్చు. చడీచప్పుడు లేకుండా 32 బస్తాలు మింగేసిన మెషీన్‌ని ఏం చేస్తాం?