షేరు చవకా, ఖరీదా? కారణం చెప్పగలిగితే కొలువు

తిరుపతిలో బీకాం, ఎంబీఏ చేసినవాళ్ళను ఏం ఉద్యోగం చూస్తున్నారని అడిగితే బ్యాంకు పీఓ అంటారు, లేదంటే బెంగళూరులో అకౌంట్స్ అంటారు. ఈక్విటీ రీసెర్చ్ అనలిస్ట్ కొలువు చాలామందికి తట్టదు. ఏ షేరు అసలు విలువకన్నా చవగ్గా దొరుకుతోంది, ఏది మించి పలుకుతోంది అని తేల్చి వరుస పేర్చడం అందులో ముఖ్యమైన పని.

లెక్క కష్టమేం కాదు. షేరుకు ఏడాదికి 50 రూపాయల లాభం వచ్చి, ధర 1,000 ఉంటే, ధరను లాభంతో భాగించగా వచ్చే పీఈ 20. ఒకే రంగంలోని కంపెనీలన్నిటికీ పీఈ, పుస్తక విలువతో ధర నిష్పత్తి, పెట్టుబడిపై రాబడి తీసి, ర్యాంకులిచ్చి కలిపితే జాబితా సిద్ధం. కంప్యూటర్ క్షణంలో చేసేస్తుంది కాబట్టి దానికెవరూ జీతమివ్వరు. ఆ ర్యాంకు ఎందుకొచ్చిందో చెప్పేవాళ్ళకే ఇస్తారు.

తిరుపతి దగ్గరి కరకంబాడి అమరరాజానే తీసుకోండి. 1985లో పుట్టిన ఈ బ్యాటరీల కంపెనీని ఎక్సైడ్ పక్కన పెట్టి పోల్చడం మార్కెట్‌లో మామూలే. అమరరాజా పీఈ తక్కువ కనబడగానే ‘చవక’ అని రాస్తే తొందరపాటే. ఎక్సైడ్ 2022 జనవరిలో తన జీవిత బీమా కంపెనీని హెచ్‌డీఎఫ్‌సీ లైఫ్‌కు ఇచ్చేసి, ప్రతిఫలంలో ఎక్కువ భాగం షేర్లుగా పుచ్చుకుంది. ఆ బీమా వాటా విలువను ఎక్సైడ్ ధరలోంచి తీసేశాకే బ్యాటరీల వ్యాపారానికి పీఈ కట్టాలి. చాలామంది కుర్రాళ్ళ నివేదికలు బోల్తా పడేది ఇక్కడే. పైగా లిథియం వస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఏమవుతాయన్న భయం కూడా ధరలో కలిసి ఉంటుంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి పదేళ్ళలో 9,500 కోట్లు పెడతామని అమరరాజా 2022లో ప్రకటించింది. ఆ డబ్బుకు తగ్గ లాభం వస్తుందా, రాదా? కంప్యూటర్ చెప్పదు, మీరు చెప్పాలి.

చంద్రబాబు నాయుడు 1992లో స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్‌ది మరో కథ. 2024 జూన్ 4న ఆయన పార్టీ గెలిచిన ఎన్నికల ఫలితాలొచ్చాక షేరు రోజుల తరబడి అప్పర్ సర్క్యూట్లు (ఒక రోజులో పెరగగల గరిష్ఠ హద్దు) కొట్టింది. ఆవులు అవే, పాలు అవే. పీఈ మాత్రం ఎగబాకింది.

ఇక అర్హత. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014 నిబంధనల ప్రకారం రీసెర్చ్ అనలిస్ట్‌గా పనిచేయడానికి తగిన డిగ్రీతోపాటు ఎన్ఐఎస్ఎం సిరీస్ 15 సర్టిఫికెట్ ఉండాలి. ఆ పరీక్షలో 60 శాతం వస్తే పాస్. తప్పు జవాబుకు మార్కు కోత ఉంది. సీఎఫ్‌ఏ తర్వాత ఆలోచించవచ్చు. మొదటి ఉద్యోగానికి అది లేకపోతే కొంప మునగదు.

ఒక హెచ్చరిక. మేనమామ ఫ్యాక్టరీలో పనిచేస్తూ బయటికి రాని ఆర్డరు సంగతి చెప్పాడనుకోండి, దాన్ని నివేదికలో వాడినా, దాంతో షేర్లు కొన్నా ఇన్‌సైడర్ ట్రేడింగ్ చిక్కుల్లో పడతారు. బ్యాటరీ డీలర్ల దగ్గర అందరికీ తెలిసిన ధరలు కనుక్కోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

పైన చెప్పిన కంపెనీల వార్షిక నివేదికలన్నీ ఎన్ఎస్ఈ, బీఎస్ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఏదో ఒకదానిపై రెండు పేజీల నోటు రాసి, రెజ్యూమెకు జతచేసి పంపండి.